గుట్ట చాటున గోపురం: ఒక చిన్న ఓపెన్ వరల్డ్ గేమ్ ప్రాజెక్టు డైరీ

జూన్: కొలతలు

ఓపెన్ వరల్డ్ అంటే ఆటగాడు తనకు నచ్చినట్టు తిరగగలిగే ఆట ప్రపంచం. ఈ ప్రాజెక్టుకు పెట్టుకున్న గురి ఒక్కటే. ఒక కిలోమీటరు పొడవు, అంతే వెడల్పు ఉన్న నేలను కంప్యూటరులో నిర్మించి, ఎవరూ పని పురమాయించకపోయినా అందులో తిరగాలన్న కోరిక ఆటగాడికి దానంతట అదే పుట్టేలా చెయ్యాలి. ఇందులో శత్రువులు లేరు, ఆయుధాలు లేవు, పాయింట్లు లేవు. బెంగళూరు నుంచి హైదరాబాదు రోడ్డు పట్టుకుని చిక్కబళ్లాపుర, బాగేపల్లి దాటి పెనుకొండ వైపు వెళ్లేవారికి ఇరువైపులా కనిపించే నేల ఇందులో ఉంటుంది. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే రాతిగుండ్లు, వాటి నడుమ చెరువులు, కట్టల మీద చింతచెట్లు, దూరంగా ఒక గుడి. పనిచేసేది ఇద్దరం. నేను ఆటలు తయారుచేసే గోడో ఇంజిన్‌లో ప్రోగ్రామింగ్ చూసుకుంటాను. మారతహళ్లిలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండే మిత్రుడు 3డి బొమ్మల సాఫ్ట్‌వేర్ అయిన బ్లెండర్‌లో బండలు, చెట్లు, కట్టడాలు తయారుచేస్తాడు. ఇద్దరికీ వేరే ఉద్యోగాలున్నాయి కాబట్టి ఈ పని సాగేది రాత్రిళ్లు, శని ఆదివారాలు.

ఒక కిలోమీటరు సరిపోతుందా అన్నది మొదట తేలవలసిన విషయం. 1996లో వచ్చిన డాగర్‌ఫాల్ అనే ఆటలోని ప్రపంచం గ్రేట్ బ్రిటన్ అంత ఉంటుందని దాని తయారీదారులు చెప్పుకున్నారు. 2002లో అదే వరుసలో వచ్చిన మారోవిండ్ ద్వీపం దాని ముందు ఒక మూలకు కూడా రాదు. అయినా నాకు తెలిసిన ఆటగాళ్లు ఇప్పటికీ ఏ వంతెన దాటితే ఏ ఊరు వస్తుందో చెప్పగలిగేది మారోవిండ్ గురించే. కాబట్టి విస్తీర్ణం మీద ఆశ పెట్టుకోలేదు.

2017లో వచ్చిన జెల్డా, బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ అనే ఆట దర్శకుడు హిదెమారో ఫుజిబయాషి, తనకు కాలినడకన తెలిసిన క్యోటో నగరపు పటాన్ని ఆట పటం మీద పరిచి దూరాలు అంచనా వేసుకున్నట్టు చెప్పారు. ఇది చాలా మంచి పద్ధతి. ఎందుకంటే సంఖ్యగా చూసిన దూరానికీ, కాళ్లకు తెలిసిన దూరానికీ సంబంధం తక్కువ. మాకు కాళ్లకు తెలిసిన చోటు లాల్‌బాగ్. దాని విస్తీర్ణం 240 ఎకరాలు, అంటే దాదాపు 0.97 చదరపు కిలోమీటర్లు. మా నేలతో సరిగ్గా సరిపోతుంది. అందుకని లాల్‌బాగ్ పటాన్ని ఖాళీ నేల మీద పరిచి, ఆటలోని మనిషిని అందులో పరుగెత్తించాం. సెకనుకు 4 మీటర్ల వేగంతో ఈ అంచు నుంచి ఆ అంచుకు నాలుగు నిమిషాల పైచిలుకు పడుతుంది.

ఆ తరువాత నిజమైన లాల్‌బాగ్‌లో నడిచి చూశాం. దాదాపు 300 కోట్ల ఏళ్ల వయసున్న బండ అక్కడ ఉంది. దాని మీద, కెంపేగౌడ కట్టించినవిగా చెప్పే నాలుగు బురుజుల్లో ఒకటి ఉంది. మిగిలిన మూడూ హలసూరు చెరువు దగ్గర, కెంపాంబుధి చెరువు దగ్గర, మేఖ్రి సర్కిల్ దగ్గర ఉన్నాయి. ఆ బురుజు ఎత్తులో ఏమంత పెద్దది కాదు. అయినా బాట ఒక మలుపు తిరిగితే కనిపిస్తుంది, ఇంకో మలుపులో చెట్ల చాటుకు పోతుంది, మళ్లీ ఇంకోచోట వేరే పక్క నుంచి కనిపిస్తుంది. అంత చిన్న తోట అంత పెద్దదిగా అనిపించడానికి ఈ దాగుడుమూతలే కారణమని నా నమ్మకం. ఈ డైరీలో మిగిలినదంతా ఆ నమ్మకాన్ని పరీక్షించిన కథే.

జులై: నేలకు కారణాలు

నేల తయారీకి గోడోలో దొరికే ఫాస్ట్‌నాయిస్‌లైట్‌తో మొదలుపెట్టాం. ఇది నాయిస్ అనే, యాదృచ్ఛికంగా కనిపించే సంఖ్యల లెక్కతో పనిచేసే పనిముట్టు. ఒక సంఖ్య ఇస్తే చాలు, ఎగుడుదిగుడుల నేల క్షణంలో పుడుతుంది. ఈ దారి పాతదే. 1984లో డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ తయారుచేసిన ఎలీట్ ఆటలో ఒక్కో నక్షత్ర మండలానికి 256 గ్రహాల చొప్పున 8 మండలాలు ఈ తరహా లెక్కలతోనే పుట్టాయి. 2016లో వచ్చిన నో మ్యాన్స్ స్కైలో గ్రహాల సంఖ్య 2 ఘాతం 64 దాకా వెళ్లింది, అంటే దాదాపు 18 పక్కన 18 సున్నాలు. ఆ సాంకేతికత మీద నాకు గౌరవం ఉంది. కాని మా పనికి అది సగం దూరమే వచ్చింది. నాయిస్ ఇచ్చిన గుట్ట అక్కడే ఎందుకు ఉందో, పల్లం అటే ఎందుకు ఉందో దానికి తెలియదు. తెరమీద చూడటానికి బాగున్న ఆ నేలలో పది అడుగులు వేశాక, తరువాతి గుట్ట వెనుక ఏముంటుందో ఊహించడానికి ఆధారమేదీ దొరకలేదు. ఊహించలేనిచోట చూడాలన్న కుతూహలం కూడా ఎక్కువసేపు నిలవదు.

అందుకని నాయిస్‌ను నేల గరుకుదనానికి మాత్రమే ఉంచి, మిగిలినదంతా నీటి లెక్కతో చేత్తో మలిచాం. ముందుగా నేల మొత్తానికి వాయవ్యం నుంచి ఆగ్నేయానికి వాలు ఇచ్చాం. ఆ వాలులో మూడు చెరువులను గొలుసుకట్టుగా పెట్టాం. పై చెరువు నిండితే అలుగు పారి, ఆ నీరు వాగుగా కింది చెరువుకు చేరుతుంది. బెంగళూరు చుట్టూ చెరువులు తవ్వినవారు నేలను చదివిన తీరు ఇదే. నదిలేని ఊరికి లోయల వెంట చెరువులను ఒకదానికొకటి కాలువలతో కలిపారు. రాయలసీమలోనూ ఇదే పద్ధతి. చెరువు ఎక్కడుందో నిర్ణయమయ్యాక కట్ట ఎటు ఉండాలో దానంతట అదే తేలింది. కట్ట ఉన్నచోట తూము, తూము దిగువన పొలాలు, పొలాలు ఉన్నచోట ఊరు, ఊరికి గుడి, గుడికి తూర్పు వాకిలి, ఆ వాకిలి ముందు ధ్వజస్తంభం. ఒక్క వాలు నుంచి ఇన్ని వచ్చాయి. ప్రతి వస్తువుకూ తన పక్క వస్తువు కారణమయ్యేసరికి, ఏది ఎక్కడ పెట్టాలన్న చర్చ మా ఇద్దరి మధ్య చాలావరకు ఆగిపోయింది.

ఆగస్టు: చాటు

ఈ నెలంతా ఒకే గుట్ట మీద గడిచింది. ఆ గుట్ట గురించి వివరంగా రాయాలి, ఎందుకంటే అన్వేషణలోని ఆనందం ఎక్కడ పుడుతుందో నాకు అక్కడే కొంత అర్థమైంది.

గుట్ట ఎత్తు 12 మీటర్లు. దాని వెనుక 140 మీటర్ల దూరంలో 30 మీటర్ల గోపురం ఉంది. ఆటగాడి కన్ను నేలకు 1.6 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఇప్పుడు ఆటగాడు గుట్టకు 150 మీటర్ల ఇవతల నిలబడితే, కంటి నుంచి గుట్ట శిఖరం మీదుగా గీసిన గీత గోపురం దగ్గర 21.7 మీటర్ల ఎత్తున తగులుతుంది. అంటే గోపురం పై భాగం 8 మీటర్లకు కొంచెం ఎక్కువగా గుట్ట మీదుగా కనిపిస్తుంది. అతను దానివైపు నడిచేకొద్దీ గోపురం కిందికి దిగుతూ వస్తుంది. గుట్టకు 81 మీటర్ల దగ్గరికి వచ్చేసరికి కలశాలతో సహా మాయమవుతుంది. 60 మీటర్ల దగ్గర గుట్ట 36 మీటర్ల ఎత్తువరకు మూసేస్తుంది కాబట్టి గోపురం ఉందన్న ఆనవాలే ఉండదు. దగ్గరికి వెళ్లేకొద్దీ కనిపించకుండా పోయే వస్తువు మనిషిని పట్టి లాగుతుంది. ఇప్పుడు అతని ముందు రెండు దారులున్నాయి. గుట్ట ఎక్కి చూడవచ్చు, లేదా పక్కనుంచి చుట్టి రావచ్చు. ఏ దారి ఎంచుకున్నా అది అతని సొంత నిర్ణయం.

బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ తయారీ బృందం 2017లో జపానులోని సెడెక్ అనే ఆటల తయారీదారుల సదస్సులో తమ నేలను త్రిభుజాలతో కట్టామని వివరించింది. పెద్ద త్రిభుజం కొండగా దూరం నుంచి గురుతుగా నిలుస్తుంది, మధ్యరకం దారికి అడ్డుపడి వెనుకనున్నదాన్ని దాచిపెడుతుంది, చిన్నది నడకకు లయ ఇస్తుంది. ఆ ఆటలో ఏ కొండ చుట్టూ తిరిగినా ఈ మూడు పనులూ కనిపెట్టవచ్చు. వారు చెప్పిన ఇంకో సంగతి మాకు మరింత ఉపయోగపడింది. మొదట్లో బురుజులనే గురుతులుగా పెట్టి చూసినప్పుడు ఆటగాళ్లు బురుజు నుంచి బురుజుకు ఒకే బాటలో పోయారట. రకరకాల ఆకర్షణలను చిన్నా పెద్దా తేడాలతో వెదజల్లాకనే నడకలు చెదిరాయట. మా గోపురం ఒక్కటే ఉంటే మా ఆటలోనూ అందరూ దానివైపే నడుస్తారు. అందుకని గుట్టను చుట్టే రెండు దారుల్లోనూ పక్కకు లాగే వస్తువులను ఉంచాం. ఎడమ దారిలో నీరు నిలిచిన దొన ఒకటి, కుడి దారిలో రాతిగుండు కింద చిన్న ఆంజనేయుడి గూడు ఒకటి. గోపురానికని బయలుదేరినవాడు దొన దగ్గర ఆగి, దాని అంచు మీదనుంచి కింది చెరువును మొదటిసారి చూస్తాడు. గోపురం సంగతి కాసేపు మరిచిపోతాడు. ఆ మరపు కోసమే ఈ ఏర్పాటంతా.

దూరపు గురుతుల విషయంలో ఒక లెక్క రాసిపెట్టుకోవాలి. గోడో కెమెరా నిలువు దృష్టికోణం మామూలుగా 75 డిగ్రీలు. 1080 గీతల తెరమీద, 500 మీటర్ల దూరంలోని 10 మీటర్ల మంటపం ఎత్తు 14 పిక్సెళ్లు, అంటే తెరమీది 14 చుక్కలు మాత్రమే. బూడిదరంగు గుండ్ల ముందు బూడిదరంగు మంటపం 14 పిక్సెళ్లలో ఎవరికీ కనబడదు. దాన్ని పెద్దది చెయ్యడం తేలికే, కాని అప్పుడు దగ్గరికి వెళ్లినప్పుడు కొలతలు అసహజంగా ఉంటాయి. అందువల్ల మంటపాన్ని కొండ వాలు మీదనుంచి కొండ కొమ్ముకు మార్చాం. వెనుక ఆకాశం వచ్చేసరికి ఆ 14 పిక్సెళ్లే నాలుగు స్తంభాలుగా, స్తంభాల సందుల్లో వెలుతురుగా విడివిడిగా కనిపించసాగాయి. మన పాత మంటపాలను కొమ్ముల మీద కట్టినవారికి ఈ సంగతి ఎప్పుడో తెలుసు.

ఎక్కడం గురించి కూడా ఒక మాట. గోడోలో మనిషి నడవగలిగే వాలు మామూలుగా 45 డిగ్రీల వరకు ఉంటుంది. ఆ హద్దును మార్చలేదు. గుండ్రటి రాయికి మూడు పక్కల వాలు అంతకన్నా నిటారుగా, ఒక్క పక్క మాత్రం దానికి లోపల ఉండేలా చెక్కాం. దీనివల్ల ప్రతి గుండూ చుట్టూ తిరిగి చూడవలసిన వస్తువైంది.

సెప్టెంబరు: మూలనున్న పటం

తెర కుడిమూలలో చిన్న పటం పెట్టి ఒక వెర్షన్, అది లేకుండా ఇంకో వెర్షన్ తయారుచేసి, మా పిన్ని కూతురి చేత ఆడించాను. ఆమె వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేస్తూ ఆదివారాలు మా ఇంటికి వస్తుంది. పటం ఉన్న వెర్షన్‌లో ఆమె చూపు దాదాపు ఆ మూలనే ఉండిపోయింది. ఆంజనేయుడి గూడును రాసుకుంటూ వెళ్లి కూడా చూడలేదు. పటం లేనిదాంట్లో డొంకదారి చీలినచోట ఆగి, కెమెరాను నిదానంగా చుట్టూ తిప్పి, “అన్నా, ఆ గుట్ట మీద ఏదో మెరుస్తా ఉంది, ముందు అది చూసొస్తా” అంది. మెరిసింది దొనలో నీరు. ఆమె వెళ్లి చూసి, అక్కడినుంచి తిరిగి అసలు దారికి రానేలేదు.

పటం ఉండటమే దోషమని నేను అనను. 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్‌లో పటం ముక్కలుగా దొరుకుతుంది, ఆ ముక్క ఎక్కడుందో వెతకడమే ఒక అన్వేషణ. 2020 నాటి ఘోస్ట్ ఆఫ్ సుషిమాలో దిక్కు చూపే బాణం బదులు గాలి వీస్తుంది, గడ్డి అటు వంగుతుంది, ఆటగాడి కళ్లు నేలమీదనే ఉంటాయి. ఈ రెండూ నాకు ఎంతో నచ్చిన ఏర్పాట్లు. కావలసిందల్లా చూపును నేలమీద నిలపడం.

మేము మారోవిండ్ దారిని ఎంచుకున్నాం. అందులో పని అప్పగించేవారు దారిని మాటల్లో చెబుతారు. ఆటగాడు ఆ మాటలను నేలతో సరిచూసుకుంటూ వెళ్లాలి. మన పల్లెల్లో దారి చెప్పే పద్ధతి దీనికి చక్కగా సరిపోయింది. మా ఆటలో రచ్చబండ దగ్గరి ముసలామె ఇలా చెబుతుంది: “కట్ట దిగి, అలుగు వెంట తూర్పుకు పో. మర్రిచెట్టు దాటినాక దక్షిణంగా రెండు గుండ్లు ఆనుకోని ఉంటాయి. వాటి సందులో దారి ఉంది.” ఈ మాట పనిచెయ్యాలంటే తూర్పేదో ఆటగాడికి తెలియాలి. దిక్సూచి ఇవ్వలేదు. పొద్దున నీడలు పడమరకు సాగుతాయి, గుడి వాకిలి తూర్పుకు ఉంటుంది. ఈ రెండింటితో ఎవరైనా దిక్కు పోల్చుకోగలరు. అయితే ఆటలోని సూర్యుడు ఎన్నడూ మాట తప్పకూడదు. అందం కోసం వెలుతురు దిశను అక్కడక్కడా మార్చడం ఈ రంగంలో మామూలే. మేము మాత్రం ఒక్కచోట కూడా మార్చకూడదని నియమం పెట్టుకున్నాం.

అక్టోబరు: దొరికేదేమిటి

అంత దూరం నడిచి వెళ్లినవారికి అక్కడ ఏం దొరకాలి? పెద్ద ఆటల్లో దీనికి సమాధానం సాధారణంగా సంఖ్యల్లో ఉంటుంది. బ్రెత్ ఆఫ్ ది వైల్డ్‌లోనే 120 మందిరాలు, దాచిపెట్టిన 900 కొరోక్ గింజలు ఉన్నాయి. గింజ విలువ కొద్దిదే అయినా, వింతగా అమర్చిన రాళ్లను చూసి ఇక్కడ ఏదో ఉండాలి అని అనుమానించి, ఆ అనుమానం నిజమైనప్పుడు కలిగే సంతోషం కొద్దిది కాదు. కాని అన్నింటినీ పోగుచెయ్యాలని కూర్చున్నవారికి అది పనిగా మారిపోతుంది. 2019లో వచ్చిన ఎ షార్ట్ హైక్ చిన్న ఆటే. అందులో దొరికే బంగారు ఈకలు ఇంకాస్త ఎత్తు ఎక్కే శక్తిని ఇస్తాయి. దొరికిన వస్తువు మళ్లీ నడకకే పనికొస్తుంది. అదే ఏడాది వచ్చిన ఔటర్ వైల్డ్స్ ఇంకా ముందుకు వెళ్లింది. 22 నిమిషాలకోసారి అంతా మొదటికి వచ్చే ఆ ఆటలో ఆటగాడికి మిగిలేది తెలుసుకున్న సంగతి ఒక్కటే. కొత్తగా ఏ పనిముట్టూ దొరకదు. మొదటి నుంచీ తెరిచే ఉన్న తలుపు అది తలుపని తెలిశాకనే పనికివస్తుంది.

నా మనసు పూర్తిగా ఔటర్ వైల్డ్స్ వైపే మొగ్గింది. మా ఆటలో దొరికేది చెరువుల తీరు. అలుగు నీరు పల్లానికి పోతుందని, వాగు వెంట వెళితే ఇంకో చెరువు తగులుతుందని మొదటి చెరువు దగ్గర గ్రహించినవాడు రెండవదాన్ని తానే వెతుక్కుంటాడు. మూడవది గుండ్ల మధ్య పూర్తిగా దాగి ఉంటుంది. దానికి దారి చూపే మనిషి లేడు, గురుతు లేదు, నీటి వాలు మాత్రమే ఉంది.

ఇది పనిచేస్తుందా లేదా అన్నది మా అపార్ట్‌మెంటులో కింది అంతస్తులో ఉండే ఒక పెద్దాయన వల్ల తేలింది. ఆయనది మడకశిర పక్కన పల్లె, వీడియో గేమ్ ఎన్నడూ ఆడినవారు కారు. కంట్రోలరు నాకే ఇచ్చి, ఎటు నడవాలో తాను చెప్పారు. మొదటి చెరువు కట్టమీదికి రాగానే, “తూము ఈ పక్కన ఉంది కాబట్టి మడికట్లు దిగువన ఉండాల. నాయనా, నిండితే అలుగు ఎక్కడ పారుతుంది?” అని అడిగారు. చూపించాను. “అయితే కింద ఇంకో చెరువు ఉండి తీరాల, పద” అన్నారు. ఆటల్లో ఆరితేరిన మా మిత్రులు గుండ్లన్నీ ఎక్కి దిగి కనుక్కున్న మూడవ చెరువుకు ఆయన వాగు వెంట నేరుగా వెళ్లారు. అక్కడికి చేరాక ఆయన అడిగిన మరో ప్రశ్న మా పనిని పెంచింది: “ఈ చెరువు నిండితే నీళ్లు ఎటు పోతాయి?” మా నేల అక్కడితో అయిపోతుంది. నిజానికి నేల ఎక్కడా అయిపోదు కదా. అందుకని ఆఖరి అలుగు దగ్గర వాగును పటం అంచు దాటి కనుచూపుమేర సాగదీశాం. అటు వెళ్లడానికి దారి లేకపోయినా, చెరువు నిండితే నీరు ఎక్కడికో పోతుందని తెలుస్తుంది.

జెల్డా ఆటల రూపకర్త షిగెరు మియామోటో చిన్నప్పుడు క్యోటో దగ్గరి సోనొబె పరిసరాల్లో కొండలు, గుహలు తిరిగారనీ, పటం లేకుండా నడుస్తూ అనుకోకుండా ఒక చెరువు ఎదురైతే ఆశ్చర్యపోయారనీ, 1986 నాటి మొదటి జెల్డాకు ఆ అనుభవాలే మూలమనీ చెప్పుకున్నారు. అనుకోకుండా తగిలిన చెరువు ఇచ్చే ఆనందం ఒకటి, ఉండి తీరాలని ఊహించి వెళ్లి కనుక్కున్న చెరువు ఇచ్చే ఆనందం ఇంకొకటి. మంచి ఓపెన్ వరల్డ్ ఆటలో రెండూ ఉండాలి. మొదటిదానికి చాటు కావాలి, రెండవదానికి నేల తన నియమాన్ని తాను పాటించాలి.

నవంబరు: శబ్దం, తరువాతి పని

శబ్దం పని త్వరగా ముగిసింది. గుడిగంట 250 మీటర్ల వరకు, కప్పల అరుపు 40 మీటర్ల వరకు వినిపిస్తుంది. రాత్రివేళ నీటి దగ్గరికి చేరడానికి కప్పలే దారి చూపుతాయి. దూరపు చెట్లను తేలికపాటి బొమ్మలుగా మార్చే ఏర్పాటు కూడా చేశాం. మా పాత లాప్‌టాప్ మీద ఇప్పుడు ఆట తడబడకుండా సాగుతోంది.

ఇక మిగిలింది వానాకాలం. ఇప్పటివరకు చెరువులు సగం నిండి ఉన్నాయి, అలుగులు పొడిగా ఉన్నాయి. వాన వెర్షన్‌లో మూడూ నిండి అలుగు పారుతుంది, ముసలామె చెప్పిన దారి మర్రిచెట్టు దగ్గర మునిగిపోతుంది. ఎండాకాలంలో ఆ నేలను తిరిగినవాడికి అదే చోటు మళ్లీ కొత్తదవుతుందా, లేక తెలిసిన దారి మూసుకుపోయిందన్న విసుగే మిగులుతుందా అన్నది ఆడించి చూస్తేగాని తెలియదు. ముసలామె మాటల్లో మార్పులు రాయడం నా వంతు. నీటిలో సగం మునిగిన తూము స్తంభాలు తయారుచెయ్యడం మిత్రుడి వంతు. రెండూ అయ్యాక మొదట ఆడించేది మడకశిర పెద్దాయన చేతనే.